మూసీ వఱదయు, ఎగువ చెఱువులును

హైదరాబాదు పాతబస్తీకి బోవుచు నయాపూలుమీద నిలిచి క్రిందికి జూచువారికి సంవత్సరములో పెక్కుదినములు మూసీనది యొక మురికిపాయగ మాత్రమే కనబడును. ఈ పాయయే యొకనాడు నగరమును ముంచి వేలకొలది ప్రాణములను గొనిపోయెనని చెప్పినచో నేటి బాలురు సులభముగ నమ్మరు. దక్షిణపు దరిని ఉన్నత న్యాయస్థానమును, ఉత్తరపు దరిని ఉస్మానియా వైద్యశాలయు నేడు దృష్టిని ఆకర్షించుచున్నవి. ఈ సౌధములును, ఏటి కిరుప్రక్కలనున్న రాతిగోడలును 1908వ సంవత్సరపు వఱద పిమ్మట వెలసినవే.

ఆ వఱదకథ మన గృహములలో రెండువిధములుగ చెప్పబడుచున్నది. అది దైవోపద్రవమని వృద్ధులు చెప్పుదురు. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ప్రతిభకు నిదర్శనమని విద్యావంతులు చెప్పుదురు. రెండును కొంతవఱకు సత్యములే. కాని యీ రెండు కథలయందును ముఖ్యమైన పాత్ర యొకటి కనబడకున్నది. అది నగరమునకు ఎగువనున్న నేల. ఆ నీరు ఎవరి పొలములమీదుగ పాఱివచ్చినది? దారిలో ఎన్ని కట్టలను తెంచినది? ఆ కట్టలేల తెగినవి? వఱద నగరద్వారమున పుట్టలేదు; అది పల్లెలలో పుట్టినది. కావున ఆ పల్లెల నేలను గూర్చి యెఱుగనిదే నగరచరిత్ర సంపూర్ణము కాదు.

మూసీ పుట్టినచోటు నగరమునకు పడమట వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలు. అచ్చటినుండి తూర్పుగ ప్రవహించి, లంగరుహౌసు సమీపమున ఈసీనదిని కలుపుకొని నగరములో ప్రవేశించును. ఈ రెండేఱుల పరీవాహప్రదేశము చాలవఱకు గట్టిరాతిమీద పలుచగ పఱచుకొన్న ఎఱ్ఱచెల్క నేల; అక్కడక్కడ నల్లరేగడి. చెల్క లోతులేనిది, దాని క్రింది రాయి నీటిని త్వరగ త్రాగదు. రేగడి యెండినపుడు బీటలువాఱి మొదటి నీటిని త్రాగును గాని, తడిసి యుబ్బిన పిమ్మట బీటలు మూసికొని నీటిని పైనుండియే పాఱవిడుచును. ఈ రెండు నేలలయందును పెద్దవాన కురిసినచో నీరు నిలువక పరుగెత్తును. పరుగెత్తునపుడు పైమట్టిని వెంటగొనిపోవును.

మన పూర్వులు ఈ స్వభావమును గుర్తెఱిగినవారే. అందుచేతనే తెలంగాణమంతట వాగునకు వాగున అడ్డుకట్టలు వేసి చెఱువులు నిర్మించిరి. కాకతీయులకాలపు రామప్ప, పాకాల, లక్నవరము తటాకములు ప్రసిద్ధములు. 1562లో కుతుబుషాహీల యేలుబడియందు హుస్సేనుసాగరము వెలసెను. కాని దేశమును పోషించినవి ఈ గొప్ప జలాశయములు మాత్రమేకాదు. ఊరూరనున్న చిన్నచెఱువులును కుంటలును. ఎగువ చెఱువు నిండి మత్తడి దుమికినచో ఆ నీరు దిగువ చెఱువునకు జేరును. అదియు నిండినపిమ్మట మఱియొకదానికి. ఇట్లు ఒకదానిక్రింద నొకటిగ గొలుసుకట్టున నుండుటచే వాన యెంత కురిసినను, నీరు మెట్టుమెట్టుగ దిగుచు, తన వేగమును మెట్టుమెట్టున గోల్పోవుచుండెను.

ఈ చెఱువు కేవలము నీటిగుంట కాదు. అది మట్టిబొక్కసము కూడ. పొలములనుండి కొట్టుకొనివచ్చిన సారవంతమైన మట్టి చెఱువుగర్భమున నిలుచును. వేసవిలో చెఱువు ఎండినపుడు రైతులు ఆ పూడికమట్టిని బండ్లకెత్తి మఱల తమ చేలకు దోలుకొనిపోవుచుండిరి. ఇందుచే రెండు లాభములు: చేను బలిసెను, చెఱువు లోతు నిలిచెను. తూమును తెఱచి మూయుటకును, కట్టను గనిపెట్టియుండుటకును ఊర నీరడి యుండెను. అతనికి గ్రామము పంటలో భాగమిచ్చుచుండెను. ఎలుకబొక్క కనబడినను, కట్టమీద చెట్టు వేరువాఱి సందుచేసినను ముందుగ జూచువాడతడే. రాజు కట్టించిన చెఱువును నిలిపినది ఈ దినదినపు జాగరూకతయే.

ఈ విద్య శాస్త్రరూపమున కూడ మనకుండెను. కడపమండలములోని పోరుమామిళ్ల చెఱువును గూర్చి 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు ఆ తటాకమును నిర్మింపజేసెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు పనిచేయ రెండు సంవత్సరములు పట్టెనని అందు వ్రాయబడియున్నది. అంతకంటె విశేషమేమనగా, మంచి చెఱువునకు గావలసిన పండ్రెండు సాధనములును, విడువవలసిన ఆఱు దోషములును ఆ శాసనము వివరించుచున్నది. కట్టనుండి నీరు కాఱుట యొక దోషము. చవుడునేల యొక దోషము. గర్భమధ్యమున మిట్ట యుండుట యొక దోషము. నీరు స్వల్పమై ఆయకట్టు విస్తారమగుటయు, నీరు అధికమై ఆయకట్టు స్వల్పమగుటయు దోషములే. రెండు రాజ్యముల యెల్లలయందు చెఱువుండుటయు దోషముగ చెప్పబడినది. ఏ ఇరువురి పాలనకును చక్కగ లోబడని చెఱువును ఎవ్వరును బాగుచేయరని ఆ శాసనకర్త యెఱుగును. ఈ చివరిదోషమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక.

ఇక 1908వ సంవత్సరపు విషయమునకు వత్తము. ఆ సెప్టెంబరుమాసము చివర వాన యెడతెగక కురిసెను. నగరమునకు నైరుతిగనున్న శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములును, 48 గంటలలో 18.9 అంగుళములును వర్షము పడెను. నేల తడిసి మఱి త్రాగలేని స్థితిలో నుండెను. నగరమునకెగువ పరీవాహప్రదేశము 862 చదరపుమైళ్లు. అందు 788 చెఱువులు. అనగా సుమారు చదరపుమైలుకు ఒక చెఱువు. ఈ 788లో 221 చెఱువులు తెగెను. అందు పెక్కులు ఈసీ పరీవాహములోనివే.

ఇచ్చటనే గొలుసుకట్టు యొక్క రెండవముఖము మనకు గోచరించును. కట్టలన్నియు బలముగ నున్నంతకాలము ఎగువచెఱువు దిగువచెఱువునకు రక్షకుడు. ఎగువచెఱువు తెగినదా, ఆ నీరంతయు నొక్కమాఱుగ దిగువ కట్టమీద పడును. తనలోని నీటితోడనే నిండియున్న ఆ కట్ట, పైవారి నీటిని గూడ మోయజాలక తెగును. అటుపిమ్మట మూడవది, నాలుగవది. రక్షకులే శత్రువులగుదురు. పూడిక నిండి లోతు తఱిగిన చెఱువున ఈ యపాయము మఱింత త్వరగ సంభవించును. ఏలనన అది స్వల్పవర్షమునకే మత్తడిమట్టమును జేరును. మత్తడి యిఱుకైనదైనచో నీరు కట్టనెక్కి పొర్లును. మట్టికట్టమీద నీరు పొర్లినచో అది గడియలలో కరగిపోవును.

సెప్టెంబరు 28వ తేది సోమవారమున ఆ నీరు నగరమును జేరెను. ఉధృతి యత్యధికముగ నున్నపుడు సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు ప్రవహించెనని విశ్వేశ్వరయ్యగారు లెక్కగట్టిరి. 1578 నాటి పురానాపూలు మొదలుకొని నగరపు వంతెనలమీదుగ నీరు పాఱెను. ఏటియొడ్డున మట్టిగోడల యిండ్లలో వసించు పేదలు మొదట మడిసిరి. అఫ్జల్‌గంజి వైద్యశాల నేలగూలెను. మృతులు సుమారు 15,000 మందియని సాధారణముగ చెప్పబడుచున్న లెక్క. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ ఆ వఱదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని తానొక్కడు మిగిలెను. వైద్యశాల యావరణలోని చింతచెట్టునెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. నిజాము మీర్ మహబూబ్ అలీఖాను నిరాశ్రయులకు తన భవనముల ద్వారములు దెఱపించి అన్నము పెట్టించెను.

మఱుసటి సంవత్సరము, అనగా 1909లో, నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన ఏటిగోడలను ఎత్తుచేసినంతమాత్రమున నగరము సురక్షితము కాదని స్పష్టముగ గ్రహించెను. వర్షపు లెక్కలను, తెగిన చెఱువుల లెక్కలను ఊరూరనుండి తెప్పించి, నీటిని నగరమునకెగువనే ఆపవలెనని నిర్ణయించి, మూసీమీద నొకటి, ఈసీమీద నొకటి జలాశయములను సూచించెను. 1912లో నగరాభివృద్ధిమండలి యేర్పడి ఏటిదరులలోని యిఱుకువాడలను తొలగించి బాగుచేయుటకు బూనుకొనెను. 1920లో ఉస్మానుసాగరమును, 1927లో హిమాయతుసాగరమును ముగిసెను. ఈ నిర్మాణకాలమున ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు చేసిన సేవ స్మరణీయము. పిమ్మట దశాబ్దములతరబడి నగరవాసులు ఈ రెండు సాగరముల నీటినే త్రాగిరి. వఱదను నిలిపిన గోడయే దాహము దీర్చినది. ఇట్టి పరిష్కారములు చరిత్రలో అరుదు.

ఐనను నిదానించి చూచినచో ఈ మహాకార్యమునం దొక వెలితి కనబడును. అది ఆ ఇంజనీరు లోపము కాదు. ఆయనకు అప్పగింపబడిన పని నగరరక్షణము. నగరము తన గుమ్మమున రెండు గొప్ప తలుపులు బిగించుకొనెను గాని, ఎగువనున్న వందలకొలది చిన్నచెఱువులయొక్క పూడికను, చేలనుండి కొట్టుకొనిపోవు మట్టిని నగరము తన పనిగ నెన్నడును భావింపలేదు. చెఱువు పల్లెవారిది, నీరు నగరమువారిది, మట్టి యెవ్వరిదియు కాదు. పోరుమామిళ్ల శాసనములోని ఎల్లలదోషము మఱియొక రూపమున మనకు సంక్రమించినది.

మట్టినిగూర్చిన విచారము ఈ సంస్థానములో బొత్తిగా లేకపోలేదు. నిజాము రాజ్యములో నాడు చేరియున్న రాయచూరునందు 1930వ దశకములో మెట్టవ్యవసాయ పరిశోధన జరిగెను. ఆ కాలముననే అమెరికాదేశమున మైదానముల పైమట్టి ధూళియై లేచి ఆకాశమును కప్పగా, 1935లో ఆ ప్రభుత్వము మట్టిరక్షణకై ప్రత్యేకశాఖను నెలకొల్పవలసివచ్చెను. 1972లో నగరమునకు వాయవ్యమున పటాన్‌చెఱువునందు అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థ ఇక్రిశాట్ వెలసెను. పాతబస్తీకి చేరువనే సంతోషునగరమున కేంద్ర మెట్టవ్యవసాయ పరిశోధనసంస్థ 1985 నుండి పనిచేయుచున్నది. ఈ సంస్థలు కనుగొనిన సత్యములు మన రైతుకు పూర్తిగ క్రొత్తవి కావు. కాని వానిని తూచి కొలిచి నిరూపించినవి.

ఒక యుదాహరణము చాలును. రేగడినేలలలో పూర్వపు ఆచారము వానకాలమున చేనిని బీడువిడిచి, వానలు వెళ్లినపిమ్మట జొన్నయో శనగయో విత్తుట. తడిరేగడిలో కాలు పెట్టుటయే కష్టమగుటచే ఈ యాచారము పుట్టినది. కాని చినుకు పడుకాలమున నేల దిగంబరముగ నుండుటచే మట్టి కరగిపోవును. పటాన్‌చెఱువులో 1976 నుండి దీర్ఘకాలము రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన పోల్చిచూచిరి. పాతపద్ధతిలో హెక్టారుకు ఏటేట ఆఱు టన్నులకు మించి మట్టి కొట్టుకొనిపోయెను. వాలునకు అడ్డముగ వెడల్పైన మిట్టలును కాలువలును తీర్చి, తొలివానకు ముందే విత్తి, రెండు పంటలు పండించినచోట రెండు టన్నులకు లోపుగనే పోయెను. పంటయో సుమారు ఒక టన్నునుండి ఐదు టన్నులకు పెరిగెను. మట్టిని కాపాడుట పుణ్యకార్యము మాత్రమే కాదు, లాభకార్యము కూడనని ఇంతకంటె విశదముగ నెవరు చెప్పగలరు?

1994లో తెలంగాణమువారైన ఆర్థికశాస్త్రవేత్త సి. హెచ్. హనుమంతరావుగారి యధ్యక్షతను కేంద్రప్రభుత్వపు సంఘ మొకటి నివేదిక సమర్పించెను. ఒక్కొక్క వాగుయొక్క పరీవాహప్రదేశమును ఒక్కటిగ భావించి, గుట్టతలనుండి ప్రారంభించి లోయవఱకు పనిచేయవలెననియు, ఆ పని ఊరివారి చేతిలోనే యుండవలెననియు దాని సారము. మరుసటి సంవత్సరమునుండి ఆ సూత్రములు అమలులోనికి వచ్చెను. గుట్టమీద చెట్లు, వాలున అడ్డగట్లు, ఒఱ్ఱెలలో రాతికట్టలు, చేనిమూల నీటికుంట, దిగువన చెఱువు: ఇది క్రమము. క్రిందినుండి ప్రారంభించినచో ఎగువమట్టి వచ్చి క్రింది పనిని పూడ్చివేయును. మన యిండ్లలో పైకప్పు కాఱుచుండగ నేల తుడుచుకొనుచు కూర్చుండు గృహిణి యుండదు గదా!

ఇచ్చట న్యాయబుద్ధిగల పాఠకుడొక ప్రశ్న వేయవచ్చును. ఎగువరైతు తన చేనిలోనే నీటిని నిలుపుకొన్నచో దిగువ సాగరములకు నీరు తగ్గదా? తగ్గును. ఉస్మానుసాగర, హిమాయతుసాగరములకు వచ్చు నీరు గడచిన దశాబ్దములలో తఱుగుటకు పరీవాహములోని గొట్టపుబావులును, అడ్డకట్టలును, దారులను మూసిన కట్టడములును కారణములని పరిశోధకులు చూపియున్నారు. ఈ సత్యమును దాచిపెట్టుట సంస్కర్తకు తగదు. కాని అందుండి తీయవలసిన నీతి, రైతు నీటిని విడిచివేయవలెననుట కాదు. మట్టిగట్టు నిలుపుకొన్న నీరు భూమిలోనికి ఇంకును. ఇంకిన నీటిని మితముగ తోడుకొన్నచో వాగు వేసవిలోను తడిగనుండును. మితిమీఱి తోడుటయే తగవు. కట్టు కట్టిన చేయియే బోరును లోతుచేసినచో నదికి మిగులున దేమి? పొదుపును వినియోగమును ఒకే సభలో కూర్చుండి పల్లెయు నగరమును నిర్ణయించుకొనవలెను.

అట్టి సభ అసాధ్యము కాదు. అమెరికాలోని న్యూయార్కు నగరము 1997లో తన జలాశయములకెగువనున్న గ్రామములతో నొడంబడిక చేసికొని, నీటిని మట్టిని శుభ్రముగ నుంచు రైతులకు నగరనిధినుండి సొమ్ము చెల్లించుచు వచ్చెను. గొప్ప శుద్ధియంత్రములకు వ్యయపఱచుటకంటె ఎగువరైతును ఆదరించుట చౌకయని వారు లెక్కవేసిరి. మనకడనో 1996లో రెండు సాగరములచుట్టునున్న 84 గ్రామములలో కట్టడములను నిర్బంధించుచు 111వ సంఖ్యగల ప్రభుత్వపుటుత్తరువు వెలువడెను. జలాశయములను రక్షించుటలో నది యుపకరించినను, ఆ గ్రామములవారికి నిషేధము మాత్రమే దక్కెను, ప్రతిఫలము దక్కలేదు. త్యాగము ఒకరిది, భోగము మఱియొకరిదియైన కట్టుబాటు చిరకాలము నిలువదు. 2022లో ఆ నిర్బంధములను తొలగించుచు ప్రభుత్వము మఱియొక యుత్తరువు నిచ్చెను.

ఇక నగరము తనలోని చెఱువులనైనను కాపాడుకొనెనా? 2000వ సంవత్సరము ఆగస్టు 24న నగరమున నొక్కదినములో 24 సెంటీమీటర్ల వాన కురిసి వేలకొలది యిండ్లు మునిగెను. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో మఱల కుంభవృష్టి. శంషాబాదు చెంత గగన్‌పహాడువద్ద అప్పచెఱువు తెగి జాతీయ రహదారినే కోసివేసెను. కొలదిదినములకే బాలాపురముకడ గుఱ్ఱంచెఱువునకు గండిపడి పాతబస్తీలోని హాఫిజ్‌బాబానగరము మొదలగు పేటలు నీటమునిగెను. అచ్చట వసించువారిలో పెక్కుమంది స్వల్పాదాయము గలవారు. శిఖపుభూమి యని, నాలాదారి యని తెలియకయో, తెలిసియు వేఱుచోటు కొనలేకయో యిల్లు గట్టుకొన్నవారు. 1908లో వాన యత్యధికముగ కురిసిన శంషాబాదే, చెఱువులు తెగుటయను ఆ కారణమే, నూటపండ్రెండేండ్ల పిమ్మట మఱల మన కన్నులయెదుట నిలిచినవి. దొంగలు పడిన ఆఱుమాసములకు కుక్కలు మొఱిగినట్లు, గండి పడినపిమ్మట కట్టను దలచుట మనకు అలవాటైనది.

పాఠకసోదరీసోదరులారా! ఇది ఇంజనీర్లకును ప్రభుత్వమునకును మాత్రమే చెందిన విషయమని మనము చేతులు కడుగుకొనరాదు. ఇల్లు కొనునపుడు ఆ స్థలము చెఱువుశిఖములో నున్నదా, మత్తడిదారిలో నున్నదా యని విచారించుట గృహస్థుని ధర్మము. చౌకగ వచ్చెనని శిఖపుభూమిని కొన్నవాడు తన బిడ్డలను మత్తడిక్రింద నిదురబుచ్చుచున్నాడు. కుళాయి త్రిప్పినపుడు ఆ నీరు ఏ చేనిగట్టు దాటివచ్చినదో పిల్లలకు జెప్పుట తల్లిదండ్రుల ధర్మము. నీటిపన్నులో నొక భాగము ఎగువరైతు గట్లకును, చెఱువుల పూడికతీతకును, ఒక నీరడి జీతమునకును పోవలెనని కోరుట పౌరుని ధర్మము. ఇవి పెద్ద కార్యములు కావు. కాని ఏటేట విడువక చేయవలసినవి.

ఉస్మానియా వైద్యశాల యావరణలోని ఆ చింతచెట్టు, తనను ఆశ్రయించినవారిని కాపాడిన పిమ్మట నూఱేండ్లకు పైబడి నిలిచినది. ఆ వృక్షము వఱదను ఆపలేదు. తన వేళ్లు పట్టినంత మట్టిని మాత్రము అది విడువలేదు. అందుచేత తానును నిలిచెను, తన్నెక్కినవారిని నిలిపెను. ఎగువ ప్రతి చేనియందును, ప్రతి చెఱువుకట్టయందును అంతమాత్రపు పట్టు మనము కలిగించినచో, మఱియొక సెప్టెంబరు రాత్రి పాతబస్తీ తల్లులు బిడ్డలనెత్తుకొని చెట్టుకొమ్మలను వెదకుకొనవలసిన దుర్గతి రాదు.